దోమ నోటిలో ఆరు సూదులు

తాండూరులో నేను జంతుశాస్త్రం చెప్పిన అన్నేళ్ళలో నాకు పేరంటూ వచ్చింది ఒక్క పనిలోనే. ఆడదోమ నోటిని విప్పి, అందులోని భాగాలన్నీ విరగకుండా గాజు పలక మీద పరచగలిగేదాన్ని. పక్క కాలేజీల వాళ్ళు కూడా పరీక్షల ముందు స్లైడ్ల కోసం నా దగ్గరికే వచ్చేవారు.

దోమ తొండం మామూలు కంటికి ఒక్క వెంట్రుకలా కనిపిస్తుంది. నిజానికి కనిపించేది పైతొడుగు మాత్రమే. అది చర్మంలోకి దిగదు. దాని లోపల ఆరు సూదులుంటాయి. ఒకటి రక్తం పీల్చే గొట్టం. ఒకటి ఉమ్మి వదిలే గొట్టం. మిగతా నాలుగూ దారి చేసేవి. వాటిలో రెండింటి కొసలకు రంపపు పళ్ళుంటాయి. ఇది కాస్త, అది కాస్త, ఒకదాని తర్వాత ఒకటి కోసుకుంటూ దిగుతాయి. అంత చిన్న ప్రాణి అంత మెత్తగా లోపలికి పోవడానికి కారణం అదే. ఈ సంగతి పిల్లలకు ప్రతి ఏడూ చెప్పేదాన్ని. సగం మంది రాసుకునేవారు, సగం మంది కిటికీలోంచి రోడ్డు మీద పోయే నాపరాళ్ళ లారీలు చూసేవారు.

తర్వాత కాలేజీల్లో జంతువుల్ని కోయడం నిషేధించారు. కప్పలు పోయాయి, బొద్దింకలు పోయాయి, వాటితోపాటు దోమలూ పోయాయి. గోడకు పటాలు వచ్చాయి. నేను రిటైరయ్యే రోజున నా సన్న సూదులు, కుంచె, చిన్న పటకారు ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. పాత మైక్రోస్కోపు ఒకటి మూలన పడి ఉంటే, ప్రిన్సిపాల్‌ను అడిగి కాగితం రాయించుకుని అది కూడా తెచ్చుకున్నాను. ఎందుకో నాకే తెలియదు.

అప్పటికి అక్క నా దగ్గరే ఉండేది. బావ పోయాక వచ్చింది. పిల్లలు లేరు. నేను పెళ్ళి చేసుకోలేదు. ఇద్దరం ఒక మేడ మీద రెండు గదుల్లో ఉండేవాళ్ళం. కింద ఇంటి యజమానురాలు ఉండేది. నాకంటే అయిదారేళ్ళు పెద్ద. ఉర్దూలో అక్కా అన్నట్టు ఆమెను నేను ఆపా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను టీచరమ్మా అనేది.

అక్కకు షుగర్ ముదిరి మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ అన్నారు. తాండూరులో అప్పుడు ఖాళీ దొరకలేదు, వికారాబాద్‌లో దొరికింది. పొద్దున రైలెక్కి, రుక్మాపూర్, ధారూరు దాటి వికారాబాద్‌లో దిగేవాళ్ళం. అక్కడ నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకోవాలి. ఎడమచేతిలో రక్తనాళాలు రెండింటిని కలిపి కుట్టారు. ఆ చోట నరం తాడులా ఉబ్బి, చెయ్యి పెడితే లోపల ఏదో తిరుగుతున్నట్టు గుర్రుమనేది. దానికి ప్రతిసారీ రెండు సూదులు. మామూలు సూదులు కావు, అగ్గిపుల్లలో సగం లావుంటాయి. నేను చూసేసరికి అక్క దుప్పటి కప్పుకుని నిమ్మళంగా పడుకుని ఉండేది. పక్కన గొట్టాల్లో రక్తం తిరుగుతూ ఉండేది. అక్క గట్టిది అనుకునేదాన్ని.

ఒకరోజు తిరుగు రైల్లో, చేతికి కట్టిన కట్టు మీద కొంగు కప్పుకుంటూ అంది.

"నీ దోమకున్న తెలివి గీళ్ళకెందుకు లేదే? అది రక్తం తాగి పోయేదాంక తెల్వనే తెల్వది."

నేను జవాబు చెప్పాను. దోమ తీసుకునేది చుక్కలో పదో వంతని, దాని గొట్టం వెంట్రుక కంటే సన్నమని, నీ ఒంట్లో రక్తమంతా బయటికి పోయి శుభ్రమై రావాలంటే గొట్టం లావుగానే ఉండాలని. అంతా వివరంగా చెప్పాను.

"అడిగిన పాపానికి పాఠం చెప్తవు," అని అక్క నవ్వి కిటికీ వైపు తిరిగింది.

రెండేళ్ళు అలా తిరిగాం. ఒక ఎండాకాలం అక్క పోయింది. ఆస్పత్రిలో కాదు, ఇంట్లోనే, మధ్యాహ్నం కునుకులో.

ఆ తర్వాత నాకు ఎక్కడికీ వెళ్ళవలసిన పని లేకుండా పోయింది. పొద్దున నాలుగింటికే మెలకువ వచ్చేది, ఎందుకంటే రైలు అలవాటు. లేచి ఒకరికే అన్నం వండడం నాకు చేతకాలేదు. రెండు గ్లాసుల బియ్యం పోసి, తర్వాత మిగిలిందంతా ఆపా మేకలకు పెట్టేదాన్ని. కొన్ని రోజులు సాయంత్రం దాకా నా గొంతు నేనే వినేదాన్ని కాదు. కూరగాయల బండి వచ్చినప్పుడు "పావు కిలో" అంటే, ఆ మాట బొంగురుగా వచ్చేది. ఒక మంగళవారం ఏమీ పని లేకుండానే రైలెక్కి వికారాబాద్ వెళ్ళాను. ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద గంటసేపు కూర్చుని, వచ్చిన రైలెక్కి తిరిగొచ్చాను. ఆపా ఎక్కడికి పోయినవని అడిగితే, బ్యాంకు పనని చెప్పాను.

అలాంటి రోజుల్లో ఒక ఫోన్ వచ్చింది. ఆడగొంతు. "మేడం, నన్ను గుర్తు పట్టరేమో, స్లైడ్ విరగ్గొట్టి ఏడిచిన పిల్లను."

గుర్తుపట్టాను. పూడూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకున్న పిల్ల. మూడుసార్లు దోమ నోరు విరగ్గొట్టి, నాలుగోసారి చెయ్యనని మొండికేసింది. నేను ఆమెను సాయంత్రం ఆరు దాకా కూర్చోబెట్టి, అయిదోసారి దాకా చేయించాను. తర్వాత ఏమైందో నాకు తెలియదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ సంస్థలో పరిశోధన చేస్తోందట. వాళ్ళు దోమ నోటిని చూసి సూది తయారు చేస్తున్నారు. నడుమ సన్నని గొట్టం, రెండు వైపులా పళ్ళున్న రెండు రేకులు, అవి కొద్దిగా వణుకుతూ ఒకదాని తర్వాత ఒకటి దిగేలా ఒక చిన్న మోటారు. బయటి దేశాల్లో ఇలాంటివి కొందరు చేశారని, తాము ఇక్కడ దొరికే వస్తువులతో, తక్కువలో చేయాలనుకుంటున్నామని చెప్పింది. చిక్కేమిటంటే, కొన్న స్లైడ్లలో ఆ పళ్ళ కొసలు విరిగిపోయి ఉంటున్నాయి. ల్యాబ్‌లో మిగతా అందరూ మోటార్లు తెలిసినవాళ్ళే, దోమ తెలిసినవాళ్ళు లేరు; తనకేమో ఆ చేతిపని ఎప్పుడో పోయిందట.

నా కళ్ళు మునుపటిలా లేవన్నాను. చెయ్యి కూడా కొంచెం వణుకుతోందన్నాను.

"మీరు చెయ్యకుంటే ఇంకెవలు చేస్తరు మేడం," అంది. అందులో పొగడ్త ఏమీ లేదు. నిజంగానే ఎవరున్నారో తెలుసుకోవాలని అడిగినట్టుంది. ఆలోచిస్తే నాకూ ఎవరూ తట్టలేదు.

మరునాడే పని మొదలుపెట్టాను. రెక్కలొచ్చిన దోమను పట్టుకుంటే సగం నలిగిపోతుంది. అందుకని పిల్లపురుగుల నుంచే పెంచాలి. మురికికాలువ పక్కన నిలిచిన నీళ్ళు ఒక డబ్బాలో తెచ్చి, బాల్కనీలో బకెట్‌లో పోసి, పైన పాత దోమతెర గుడ్డ కట్టాను. పురుగులు తలకిందులుగా వేలాడుతూ, నీడ పడితే ఒక్కసారి కిందికి మునిగేవి. పొద్దున లేవగానే చూడవలసింది ఒకటి ఉండడం నాకు కొత్తగా అనిపించింది.

నాలుగో రోజు శుక్రవారం. నేను గుడ్డ, స్పిరిట్ కొనడానికి బజారుకు పోయాను. శుక్రవారాలు డ్రై డే అని ఆరోగ్య కార్యకర్త ఇంటింటికీ వచ్చి నిల్వ నీళ్ళు పారబోయిస్తుంది. ఆపా తాళంచెవి ఇచ్చి పైకి పంపింది. నేను తిరిగి వచ్చేసరికి బకెట్ బోర్లించి ఉంది. బాల్కనీ రాళ్ళ మీద తడి కూడా సగం ఆరిపోయింది.

కార్యకర్త ఇంకా కిందే ఉంది. చదువుకున్నదానివై ఉండి ఇదేం పనని నన్ను మందలించింది. ఆమె తప్పేమీ లేదు. నేను ఆమెకు, ఆపాకు మెట్ల మీదే నిలబడి అంతా చెప్పాను. దోమ నోరు, ఆరు సూదులు, హైదరాబాద్ పిల్ల, నొప్పి తెలియని సూది. కార్యకర్త నమ్మినట్టు లేదు. తెర బిగుతుగా కట్టాలని, రెక్కలొచ్చినవి ఒక్కటీ బయటికి పోకూడదని, తాను వారం వారం వచ్చి చూస్తానని చెప్పి రాసుకుని పోయింది. ఆపా నా మొహమే చూసింది.

"నీ అక్క కొరకు చేస్తున్నవా?" అంది.

కాదన్నాను. పిల్ల అడిగింది, అంతే అన్నాను.

ఆదివారం పొద్దున ఆపా మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ళ నొప్పితో ఆమె మెట్లెక్కి సంవత్సరం దాటింది. చేతిలో పచ్చడి సీసా, అందులో నీళ్ళలో కదులుతూ పురుగులు. మేకల తొట్టి వెనక పాత కూలర్‌లో దొరికాయట.

"గీ పురుగులేనా చూడు జర. నేనైతే అన్నీ ఏరి తెచ్చిన," అంది.

అవే. డెబ్భైకి పైగా ఉన్నాయి.

వారంలో రెక్కలొచ్చాయి. మగవాటి మీసాలు ఈకల్లా గుబురుగా ఉంటాయి, ఆడవాటివి పలచగా ఉంటాయి. వేరు చేశాను. స్పిరిట్ ఆవిరి పట్టించి, కిటికీ పక్కన బల్ల మీద పొద్దుటి వెలుగులో కూర్చున్నాను. మొదటిదానికి తొడుగు చీలుస్తుంటే అన్నీ కలిసి విరిగిపోయాయి. రెండోదీ అంతే. ఏడింటిని పాడుచేశాను. చెయ్యి వణుకు నేను అనుకున్నదానికంటే ఎక్కువ. ఆ రోజు లేచి డబ్బా మూసేశాను. ఫోన్ చేసి చేతకావట్లేదని చెబుదామనుకున్నాను. కానీ చెబితే, ఆ పిల్ల సరే మేడం అంటుంది, ఫోన్ పెట్టేస్తుంది, మళ్ళీ చెయ్యదు. అది తట్టి ఫోన్ చెయ్యలేదు.

మరునాడు మణికట్టు కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టుకున్నాను. ఊపిరి వదిలాక, మళ్ళీ పీల్చే ముందు, ఆ కాస్త సందులోనే సూది కదిపాను. నేను పిల్లలకు చెప్పిన పద్ధతే, నేనే మరిచిపోయాను. పదకొండోది విడిపోయింది. ఆరూ విడివిడిగా, ఆ రంపపు కొసలు చివరి పన్ను దాకా ఉన్నాయి. మైక్రోస్కోపులో చూస్తూ చాలాసేపు ఉండిపోయాను. చూడు అని పిలవడానికి పక్క గదిలో ఎవరూ లేరు.

ఆ పిల్లకు ఇంకొకటి కూడా కావాలి. దోమ కుట్టేటప్పుడు తొడుగు ఎలా వంగుతుందో దగ్గరి నుంచి తీసిన వీడియో. నేను పెంచినవి ఇంతవరకు ఎవరినీ కుట్టనివి కాబట్టి, జబ్బు భయం లేదనుకున్నాను. ఒక దోమను గాజు గొట్టంలో పెట్టి నా ఎడమ ముంజేతి మీద బోర్లించాను. ఫోన్‌కు భూతద్దం కట్టాను. అది కాసేపు అటూ ఇటూ నడిచి, ఒకచోట ఆగి, తల కిందికి వంచింది. తొడుగు విల్లులా వెనక్కి వంగింది, సూదులు మాత్రం నిటారుగా దిగాయి. నాకు ఏమీ తెలియలేదు. కడుపు ఎర్రబడడం కనిపిస్తోంది కాబట్టి తాగుతోందని తెలుస్తోంది. ఆ చేతిని మనిషి తాకి ఎన్ని నెలలయిందో అని అప్పుడు లెక్కపెట్టబోయి మానేశాను.

పద్దెనిమిది స్లైడ్లు తయారయ్యాక ఆ పిల్ల తానే వచ్చింది. పిల్ల అంటున్నాను గానీ, నలభైకి దగ్గరగా ఉంది, తలలో వెంట్రుకలు నెరిశాయి. నేను కందిపప్పు, వంకాయ కూర, జొన్నరొట్టెలు చేశాను. ముగ్గురికి సరిపడా చేశాను. ఆమె తిని, ల్యాబ్ నుంచి తెచ్చిన పెట్టె తెరిచింది. చర్మానికి బదులుగా వాడే జున్నులాంటి మెత్తని ముద్ద ఒకటి గాజు గిన్నెలో ఉంది. మామూలు సూది పెడితే ఆ ముద్ద ముందు లోపలికి సొట్టపడి, తర్వాత ఠక్కున తెగింది. సొట్టపడేదే మనకు నొప్పి అని చెప్పింది. తర్వాత తమ సూది పెట్టింది. సన్నగా చప్పుడు చేస్తూ అది సొట్ట లేకుండా దిగిపోయింది. కొత్త స్లైడ్లతో పళ్ళ కొలతలు సరిదిద్దితే ఇంకా బాగా దిగుతుందట.

నేను అడగకూడదనుకున్నదే అడిగాను. ఇది డయాలసిస్‌కు పనికొస్తుందా అని.

ఆమె సూదిని తిరిగి పెట్టెలో పెట్టింది. అక్క సంగతి ఆమెకు తెలుసు. "కాదు మేడం. దానికి గొట్టం లావుండాలె. మాది చుక్క రక్తం తీసుటానికే. షుగర్ పరీక్షకు, చంటిపిల్లలకు. లావు సూదులకు ఎప్పటికన్న వస్తదేమో, ఇప్పటికైతే లేదు."

అదంతా నాకు తెలుసు. ఒకప్పుడు రైల్లో నేనే చెప్పాను. అయినా ఎదుటివాళ్ళ నోట వింటే వేరుగా ఉంది. నేను లేచి గిన్నెలు సింకులో పెట్టాను. ఆమె సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. మూడో మనిషి వాటా రొట్టెలు మేకలకు వేశాను.

ఏడాది తిరిగాక మనుషుల మీద పరీక్షకు వాళ్ళకు అనుమతి వచ్చింది. వికారాబాద్‌లో ఒక ఆస్పత్రిలో, ఆరోగ్యంగా ఉండి, ఇష్టపడి వచ్చిన వాళ్ళ మీద. నన్ను రమ్మని ఆమె అడగలేదు, నేనే వస్తానన్నాను. మళ్ళీ ఆ పొద్దుటి రైలెక్కాను. గదిలో కళ్ళకు గుడ్డ కట్టారు. రెండు సూదుల్లో ఏది ముందో చెప్పరు. మొదటిది చురుక్కుమంది. రెండోదాని కోసం నేను చెయ్యి బిగబట్టుకుని ఎదురుచూస్తూ, ఎప్పుడు గుచ్చుతారని అడిగాను. తీసేసి కూడా నిమిషమైందని నర్సు చెప్పింది. కానీ ఆ సూదిలో వచ్చిన రక్తం పరీక్షకు చాలలేదు. నొప్పి లేదు, పనీ కాలేదు. మామూలు సూదితో మళ్ళీ గుచ్చారు. ఆ పిల్ల ముఖం చూడలేక నేను బాగుందమ్మా, చాలా బాగుందని రెండుసార్లు అన్నాను.

ఆమెకు ఇంకా పనుంది. నేను బయటికి వచ్చి, రైలుకు టైముందని ఆ ఆస్పత్రి వరండాలో నడిచాను. అక్కను తీసుకొచ్చింది అక్కడికే. డయాలసిస్ గది తలుపు దగ్గర నిలబడితే, అప్పట్లో సూదులు పెట్టిన టెక్నీషియన్ నన్ను గుర్తుపట్టి బయటికి వచ్చాడు. అక్క పోయిన సంగతి అతనికి ఫోన్‌లో చెప్పాను గానీ, తర్వాత కలవలేదు. కాసేపు ఆమెను తలుచుకున్నాడు. మాటల్లో నేను, ఆమెకు పడుకోగానే చాయ్ కావాలనేదని, నేను పరుగున పోయి తెచ్చేలోపు మీరు సూదులు పెట్టేసేవాళ్ళని అన్నాను.

అతను వెనక తలుపు దగ్గరికి వేశాడు.

"ఆమెకు చాయ్ ఎక్కడిది మేడం. నీళ్ళే కొలిచి తాగేది. మీరు తలుపు దాటినంకనే సూది పెట్టమనేది. మా చెల్లె చూస్తే రాత్రి నిద్రపోదు అనేది."

"నొప్పి ఉండేదా?" అన్నాను.

"ఉండేది మేడం. ఒక్కోసారి ఏడ్చేది. మీరు వచ్చే టైముకు మొహం తుడుసుకునేది."

ఆ చాయ్ ప్రతిసారీ నేనే తాగాను. అక్క రెండు గుక్కలు తాగి ఇక చాలు, నువ్వు తాగు అనేది. నేను తాగుతూ ఆమె పక్కన కూర్చుని, గట్టిదని మెచ్చుకునేదాన్ని. రెండేళ్ళు. స్టేషన్‌కు నడిచి వెళ్ళాను. రైలు వచ్చింది, నేను ఎక్కలేదు. తర్వాతదానికి ఎక్కాను.

ఆ సూదిని వాళ్ళు వదిలెయ్యలేదు. గొట్టం కొంచెం పెద్దది చేసి, పళ్ళు మార్చి, మళ్ళీ మొదటి నుంచి పరీక్షిస్తున్నారు. ఆమె మొదట్లో వారానికోసారి ఫోన్ చేసేది, ఇప్పుడు పండగలకు చేస్తుంది. పని ఒత్తిడి, నాకు తెలుసు. మొన్న వాళ్ళు అచ్చు వేసిన వ్యాసం పంపింది. చివర కృతజ్ఞతల్లో స్లైడ్లు తయారు చేసినందుకు నా పేరు ఒక వరుసలో ఉంది. దాన్ని కిందికి తీసుకెళ్ళి ఆపాకు చూపించాను. ఆమె అక్షరాలు చదవదు. అయినా నా వేలు ఆనిన చోట తన వేలు కూడా పెట్టి చూసింది.

"గింత కష్టం చేస్తివి. నీకేం మిగిలింది టీచరమ్మా?"

ఆలోచించాను. "పొద్దు పోయింది ఆపా," అన్నాను.

ఆమె మేకలకు గడ్డి వెయ్యాలని అప్పటికే లేచింది. గడ్డిమోపు దాకా వెళ్ళి, ఆగి, తిరిగొచ్చి నా పక్కన అరుగు మీద కూర్చుంది. మేకలు చాలాసేపు అరిచాయి.